నడుము ఎత్తు గడ్డి

మా అత్తగారింట్లో నాకు మొదటి పేచీ వాకిలి దగ్గరే వచ్చింది. పెళ్లయి కాపురానికి వచ్చిన ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. పొద్దున్నే లేచి బకెట్లో పేడ కలిపి సానుపు చల్లుతున్నాను. ఎంత పిసికినా ఆ పేడ నీళ్లలో కలవదు. పీచు పీచుగా విడిపోయి పైకి తేలుతుంది. చల్లితే నీళ్లు ఇంకిపోయి పుల్లలు మిగులుతున్నాయి. వాటి మీద ముగ్గు వేస్తే గీత ఎక్కడికక్కడ తెగిపోతోంది. మా అత్తమ్మ గడపలో నిలబడి కాసేపు చూసింది.

"సిరిసిల్లల సానుపు గిట్లనే సల్లుతరా, పిల్లా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "తప్పు నాది గాదు అత్తమ్మా, మీ బర్రెది. పెండ గిట్ల పెడితె నేనేం జేయాలె?" అన్నాను.

"నన్ను ఎన్నన్న అను. నా బర్రెను ఏమనకు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నాతో మాట్లాడలేదు. కోడల్ని అయి కూడా, ఆ ఇంట్లో ఎవరి తర్వాత నా స్థానమో అప్పుడు తెలిసింది.

సిరిసిల్లలో మాది సాంచాల వాడ. పొద్దంతా కరెంటు మగ్గాలు దడదడమంటూ నడుస్తుంటాయి. మా ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడి ఎరగరు. అందరం అరుచుకుంటాం, దాన్ని కోపమని ఎవరూ అనుకోరు. కోరుట్ల దాటి ఇబ్రహీంపట్నం వైపు పోయే దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చాక నేను మామూలుగా మంచినీళ్లు అడిగినా, కొత్త కోడలు కొట్లాడుతోందని పక్కింటివాళ్లు అనుకునేవారట. పశువుల సంగతి నాకు బొత్తిగా తెలియదు. గడ్డి పచ్చగా ఉంటుంది, బర్రె నల్లగా ఉంటుంది, నా చదువు అంతవరకే. కానీ పీచు సంగతి తెలుసు. నూలు పోగును వేళ్ల మధ్య నలిపి, అది తెగే రకమా నిలిచే రకమా చెప్పడం మా నాన్న మా అందరికీ నేర్పాడు.

మామయ్య కూడా ఒకప్పుడు మగ్గం నేసినవాడే. మగ్గం వదిలి వరి, పసుపు పట్టాడు. మా ఆయన దుబాయిలో ఉండేవాడు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. మొదట బర్రె ఎట్లున్నదని అడిగేవాడు, తర్వాత అమ్మానాన్నల సంగతి, ఇంకా బ్యాలెన్స్ మిగిలితే నా సంగతి. నేను మొదట్లో అలిగాను. ఆ బర్రె కథ తెలిశాక అలగడం మానేశాను.

దాని తల్లి నాము తిని చచ్చిపోయింది. కోసిన జొన్న మోళ్ల నుంచి లేత పిలకలు వస్తాయి చూడండి, వాటిలో పశువుల ప్రాణం తీసే విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. నీళ్లు తక్కువైన ఏడాది మరీ ఎక్కువ. అట్లాంటి ఒక ఏడాది ఆ తల్లి బర్రె పలుపు తెంపుకుని పక్క చేలో పడింది. అత్తమ్మ పరుగెత్తి వెళ్లేసరికి కడుపు ఉబ్బి, కాళ్లు తడబడి, ఆమె కళ్లముందే కూలిపోయిందట. ఇంట్లో పాలు మరవని దుడ్డె మిగిలింది. అత్తమ్మ పక్కిళ్ల నుంచి పాలు తెచ్చి, తన వేలు పాలల్లో ముంచి దాని నోట్లో పెట్టి చప్పరించడం నేర్పింది. రోజూ అట్లా వేలు పెట్టి పెట్టి పెంచింది. ఆ దుడ్డే ఈ బర్రె.

అప్పటి నుంచి లేత మేత అంటే అత్తమ్మకు హడలు, ఆమె మాటలో బుగులు. మా ప్రాంతంలో జొన్న మేపేవాళ్లంతా అంతే జాగ్రత్తగా ఉంటారు. పూత వచ్చి కంకి వేసేదాకా పశువును చేలోకి తోలరు. అది ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న జాగ్రత్త. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, నేను వచ్చే ముందు ఏడాది మామయ్య జగిత్యాలలో తెలిసినవాళ్ల తోట నుంచి నేపియర్ గడ్డి ముక్కలు తెచ్చి బావి దగ్గర నాటాడు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు, కోసినకొద్దీ మళ్లీ వస్తుంది. అత్తమ్మ దానికి కూడా జొన్న చట్టమే పెట్టింది. మనిషిని మించి పెరగాలి, పైన కంకి కనబడాలి, అప్పుడే కొడవలి. ఊరంతా ఆగి ఆ గడ్డిని చూసి పోయేవారు. ఏనుగు దూరినా కనబడదు అనేవారు. మామయ్య మీసం దువ్వుకునేవాడు. మోపు ఎత్తుకుని వస్తుంటే అత్తమ్మ కనబడేది కాదు, కంకులు ఊగుతూ నడిచివస్తున్నట్టు ఉండేది.

ఇంత గడ్డి తిని ఆ బర్రె మాత్రం చిక్కిపోతోంది. తొట్టి నిండా వేస్తే ఆకులు ఏరుకుని తింటుంది, కాడలు నమిలి నమిలి వదిలేస్తుంది. కడుపు చూస్తే నిండుగానే ఉంటుంది, వెన్ను మాత్రం ఎముకలు లెక్కపెట్టేట్టు ఉంటుంది. నిండుగా వచ్చే చెంబెడు పాలు సగానికి పడిపోయాయి. ఈనిన తర్వాత మళ్లీ ఎదకు రావాల్సింది, రాలేదు. మామయ్య చెడ్డమనిషి కాదు గానీ పశువు విషయంలో ఆయన లెక్క ఆయనకుంది.

"పాలియ్యది, సూడి గట్టది. వచ్చే అంగడికి తోల్కపోవుడే," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

అత్తమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. నాలుగు రోజులు కొట్టంలోనే ఎక్కువసేపు ఉంది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు గానీ, బర్రె కొమ్ముకు ఎర్ర దారం కట్టింది.

ఆ అంగడి జరగలేదు. సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. పశువుల అంగడి కూడా బంద్. మామయ్య పొద్దున్నే గంజి తాగి రోడ్డు మీద దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేవాడు. సాయంత్రం వచ్చేసరికి జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయేది. ఇంట్లో సైగలే. టీ కావాలంటే గ్లాసు ఎత్తి చూపేవాడు, ఉప్పు కావాలంటే వేళ్లు నలిపేవాడు. బర్రెను కొంటానన్న బేరగాడు ఫోన్ చేస్తే ఈయన నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాదు. ఫోన్ అత్తమ్మ అందుకునేది. "ఇప్పుడు ఉద్యమం నడుస్తున్నది. ఉద్యమంల బర్రెలు అమ్మరు," అని పెట్టేసేది.

ఆ రోజుల్లో ఆమె దేవుడి ముందు దీపం పెట్టి ఏమని దండం పెట్టేదో ఒకసారి వినబడింది. "తెలంగాణ రావాలె తండ్రీ. కని జర నిమ్మళంగ రావాలె." సమ్మె ఎన్నాళ్లు సాగితే ఆమె బర్రె అన్నాళ్లు కొట్టంలో ఉంటుంది. నాకు నవ్వు ఆగలేదు. కొట్టం వెనక్కి పోయి నవ్వుకున్నాను. తర్వాత బర్రె వెన్ను చూస్తే ఆ నవ్వు కాస్తా పోయింది.

సమ్మె నా బతుకమ్మను కూడా మింగింది. కొత్త పెళ్లికూతురు మొదటి బతుకమ్మకు పుట్టింటికి పోవాలి. సిరిసిల్లకు బస్సు లేదు. మా అమ్మ ఫోన్‌లో ఏడ్చింది, నేను ఇక్కడ ఏడ్చాను. మామయ్య పాపం గుండె మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డు వైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు. నేనేం చేయను తల్లీ అని అర్థం. చేసేది లేక, పండుగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మను మా వాకిట్లోనే ఆడదామని వాడకట్టు ఆడవాళ్లను పిలిచాను. సానుపు నేనే చల్లాను, ముగ్గు నేనే వేశాను. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఆడుతుంటే, రెండు చుట్లు కాకముందే ఒకామె కాలు ఎత్తి అరికాలు చూసుకుంది. తర్వాత ఇంకొకామె. తర్వాత అందరూ ఒంటికాలి మీద నిలబడ్డారు.

"మీ వాకిట్ల ముండ్లు సల్లిండ్రా ఏంది?" అంది పెద్దావిడ ఒకామె.

ముళ్లు కాదు, పేడలోని పుల్లలు. ఎండిన చోట సూదుల్లా నిలబడ్డాయి. బతుకమ్మను ఎత్తుకుని అందరూ పక్కింటి వాకిట్లోకి మారిపోయారు. నా పుట్టింటి పండుగ పోయింది, నా వాకిటి పండుగ కూడా పోయింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఏడిస్తే చూసేవాళ్లు లేరు కనుక కోపాన్నే ఉంచుకున్నాను.

మర్నాడు పొద్దున సానుపు చల్లకుండా, పేడను పాత గుడ్డలో వేసి నీళ్లు పోస్తూ కడిగాను. పలచటిదంతా పోయి గుడ్డలో గుప్పెడు పీచు మిగిలింది. ఒక పోగు తీసి రెండు చేతులతో లాగాను. తెగలేదు. బర్రె నమిలి, మింగి, నెమరు వేసి, ఇంత పెద్ద కడుపులో తిప్పి తిప్పి బయటికి పంపిన పోగు తెగలేదంటే అది మేత కాదు, తాడు. తొట్టిలో మిగిలిన ముదురు కాడ ఒకటి తీసి గోటితో చీల్చాను. అదే పోగు. బావి దగ్గరికి పోయాను. మడిలో ఒక పక్క ముందు కోసిన చోట కొత్త దుబ్బులు నడుము దాకా లేచి ఉన్నాయి. అత్తమ్మ ఇంకా ముదరనీ అని వదిలిన భాగం అది. అందులోంచి ఒక కాడ విరిచాను. పుటుక్కున విరిగింది, వేలికి రసం అంటింది. నాలుక మీద పెట్టుకుంటే కొంచెం తియ్యగా కూడా ఉంది.

రెండు కాడలూ పట్టుకుని ఇంటికి వచ్చి, సిరిసిల్ల గొంతుతో చెప్పాను. "అత్తమ్మా, బర్రెకు రోగం లేదు. గడ్డి ముదిరింది. ముదిరిన కాడ దాని కడుపుల అరుగుతలేదు. కడుపు నిండుతున్నది, ఒంటికి పడుతలేదు. నడుము ఎత్తు ఉన్నప్పుడే కోసి ఏద్దాం."

ఆమె లేత కాడను నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పడేసింది. "లేతది పెట్టి దీన్ని గూడ సంపుమంటవా? నువ్వు సూసినవా అది పడిపోవుడు? నేను సూసిన."

అది కోపం కాదు, భయం. నేను వాదన గెలవడం ఇష్టపడే మనిషిని. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

రెండు రోజులకు శిబిరంవాళ్లు వంటావార్పు పిలుపు ఇచ్చారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినాలి, ప్రతి ఇంటి నుంచి పశువులను కూడా తోలుకొచ్చి రోడ్డుకు అడ్డంగా కట్టేయాలి. మామయ్య చెయ్యి ఎత్తి మా బర్రెను రాయించేశాడు. అత్తమ్మ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వనంది. పలుపు తానే పట్టుకుంది. నా నెత్తిన గడ్డిమోపు పెట్టింది. కంకులతో ఆ మోపు అంత ఎత్తు ఉంటే, శిబిరంలో కుర్చీల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామయ్య మళ్లీ మీసం దువ్వుకున్నాడు.

రోడ్డంతా తిరునాళ్ల లాగా ఉంది. డప్పులు మోగుతున్నాయి, పెద్ద గుండిగల్లో పప్పు ఉడుకుతోంది. అటూ ఇటూ బండ్లు ఆగిపోయాయి. ఆగినవాటిలో మా బర్రెకు దగ్గరగా ఒక ట్రాలీ ఆటో ఉంది. కోరుట్ల అవతల పాల డెయిరీ నడిపే సాయిబుది. వెనక నిండా పచ్చటి నేపియర్ గడ్డి. అంతా నడుము ఎత్తుదే, ఒక్క కంకి లేదు. నేను గుండిగ దగ్గర గరిటె తిప్పుతున్నాను. అత్తమ్మ బర్రెకు నీళ్లు తేవడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది. తారురోడ్డు అంచున కొట్టిన మేకు ఎంతసేపు ఆగుతుంది? అత్తమ్మ బకెట్‌తో తిరిగొచ్చేసరికి మేకు బయట ఉంది, బర్రె తల ట్రాలీలో ఉంది.

ఆమె పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి. నేను గరిటె పట్టుకునే పరుగెత్తాను. అప్పటికే బర్రె సగం మోపు లాగించేసింది. కళ్లు సగం మూసుకుని ఇంకా నములుతోంది. మేం దాన్ని పక్కకు లాగడానికి ఇద్దరం సరిపోలేదు.

డెయిరీ సాయిబు పరుగెత్తుకొచ్చాడు. ముందు తన గడ్డి పోయిందని కోప్పడతాడనుకున్నాను. అత్తమ్మ ముఖం చూసి ఆయనే భయపడ్డాడు. "అరే అవ్వా, ఏమైంది?"

"లేతది తిన్నది నాయనా! నాము పడ్తది, నా బర్రె సస్తది!"

"నాము జొన్నల ఉంటదవ్వా. గిది జొన్న గాదు, నేపియర్. మా బర్లకు రోజు గిదే ఏస్త. నడుముకు రాంగనే కోస్త. ఖుదా కసమ్, ఏం గాదు."

ఆయన ఎన్ని ఒట్లు పెట్టినా ఆమె చెవికి ఎక్కలేదు. రోడ్డు మీదే బర్రె ముందు కూర్చుంది. ఒక చేత్తో దాని చెవి పట్టుకుని చల్లబడుతుందేమోనని చూస్తుంది. ఇంకో చెయ్యి దాని డొక్క మీద. నోట్లో నురగ వస్తుందేమోనని వంగి వంగి చూస్తుంది. వంట అయింది, బంతులు లేచాయి. ఆమెకు విస్తరి తెచ్చి పెడితే పక్కకు జరిపింది. మామయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. అమ్మేద్దామన్న మనిషి, ఆయన కూడా విస్తరి ముట్టలేదు. నాకు సాయిబు మాట మీద నమ్మకం ఉంది, నేను విరిచి చూసిన కాడ మీద నమ్మకం ఉంది. అయినా భయం వేసింది. దానికేమన్నా అయితే ఇక ఈమె నా ముఖం చూడదు, నేనీ ఇంట్లో ఉండలేను అనిపించింది. అంజన్నకు నేను కూడా ఒక మొక్కు మొక్కేశాను.

ఎండ కొంచెం వాలాక బర్రె ముందుకాళ్లు వంచింది. అత్తమ్మ "అయ్యో" అని లేచింది. వెనక కాళ్లు కూడా వంచి, పెద్దగా ఊపిరి వదిలి, రోడ్డు మీద చతికిలబడింది. ఆమె దాని మెడ కావలించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లందరం దగ్గరికి వచ్చాం. అప్పుడు బర్రె గొంతులో ఒక ఉండ పైకి వచ్చింది. దవడ ఇటు తిరిగింది, అటు తిరిగింది. నెమరు వేస్తోంది.

సాయిబే ముందు నవ్వాడు. "సూడవ్వా, పాన్ నమిలినట్టు నములుతున్నది!" అన్నాడు. రోడ్డంతా నవ్వింది, డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అత్తమ్మ మాత్రం ఏడ్చింది. అంతసేపు ఏడవనిది అప్పుడు ఏడ్చింది. తర్వాత విస్తరి దగ్గరికి జరుపుకుని, చల్లారిన పప్పన్నం మొత్తం తిన్నది, ఇంకొంచెం పెట్టించుకుని తిన్నది. మిగిలిన ట్రాలీ గడ్డిని సాయిబు ఉద్యమానికి నా వంతు అంటూ అక్కడున్న పశువులన్నిటికీ పంచేశాడు. మేం తీసుకెళ్లిన కంకుల మోపును ఏ పశువూ వాసన కూడా చూడలేదు. దాన్ని పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నారు. మామయ్య ఈసారి మీసం జోలికి పోలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అత్తమ్మ బావి దగ్గర ఉంది. నడుము ఎత్తు మడి ముందు కొడవలి పట్టుకుని నిలబడింది. నన్ను చూసి, "పట్టు," అని కొడవలి నా చేతికిచ్చింది. మొదటి దుబ్బు నాతో కోయించింది. రెండోది తాను కోసింది. ముందు ఒక ఆకు తాను నమిలింది. తర్వాతే మోపు కట్టనిచ్చింది.

వారం తిరగకుండానే తేడా బకెట్లో కనబడింది. పేడ చేతిలో వెన్నలా కలిసింది. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి వాకిలి నున్నగా అలికినట్టు వచ్చింది. ముగ్గు గీత ఎక్కడా తెగలేదు. ఎంగిలిపూల నాడు లేచిపోయినవాళ్లందరినీ ఇంటింటికీ పోయి మరీ పిలుచుకొచ్చాను. మొదట కాళ్లు పెట్టడానికి అనుమానించిన పెద్దావిడ, కుడికాలితో ఒకసారి రాసి చూసి, "ఆఁ, ఇప్పుడైంది సానుపు," అంది. చీకటి పడేదాకా ఆడాం. పుట్టింటికి పోలేదన్న సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తు రాలేదు.

పాలు కూడా పెరుగుతూ వచ్చాయి. మేత తొట్టిలో మిగలడం లేదు. ఒకసారి కోరుట్లలో పశువుల డాక్టరును అడిగితే నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. గడ్డి పెరిగినకొద్దీ ఆకు వాటా తగ్గి కాడ వాటా పెరుగుతుంది. అంత పొడుగు నిలబడాలంటే కాడలో కట్టె తయారవ్వాలి, ఆ కట్టె పశువు కడుపులో అరగదు. అరగనిది కడుపులోనే చాలాసేపు ఉండిపోతుంది, అందుకని కొత్త మేత తినబుద్ధి కాదు. మోపు పెద్దదే గానీ అందులో బర్రెకు అందేది తక్కువ. మరి జొన్న కూడా లేతదే కోయాలా అని నేను అత్యుత్సాహంతో అడిగాను. డాక్టరు నోరు తెరవకముందే అత్తమ్మ నా వైపు ఒక చూపు చూసింది. "ఆమెనే రైటు. జొన్న పూతకొచ్చినంకనే," అన్నాడు డాక్టరు నవ్వుతూ. అత్తమ్మ దారిపొడుగునా తల ఎత్తుకుని నడిచింది.

సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి, అంగడి తెరిచారు. ఒక పొద్దున, మేం మరిచిపోయినా తాను మరవని బేరగాడు బండి మీద దిగాడు. అత్తమ్మ పాలు పిండుతోంది. అతన్ని చూసింది గానీ లేవలేదు. నేను కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాను. ధారలు చెంబులో చప్పుడు చేస్తూ పడుతున్నాయి. చెంబు నిండి నురగ అంచు దాటి కిందికి జారింది. ఆమె ఇంకో చెంబు అడిగింది. నేను పరుగెత్తి తెచ్చాను.

"గిది ఆ బర్రేనా?" అన్నాడు బేరగాడు. బర్రె చుట్టూ ఒకసారి తిరిగి, మామయ్య వైపు తిరిగాడు. "చెప్పు మరి. తోల్కపోదునా?"

అత్తమ్మ తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగిపోయాయి. మామయ్య నోరు తెరిచాడు. గొంతు పట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు చూపించి, బర్రెను చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపి, లేదు లేదు పొమ్మని సైగ చేశాడు. బేరగాడు అయ్యో గొంతు పోయిందా అని జాలిపడి, టీ తాగి వెళ్లిపోయాడు. నిజానికి మామయ్య గొంతు ఎప్పుడో వచ్చేసింది. ఆ పొద్దున్నే తువ్వాలు కనబడటం లేదని ఊరంతా వినబడేట్టు కేకలు పెట్టాడు. నేను ఆ సంగతి ఎత్తబోతే అత్తమ్మ నా కాలు తొక్కింది. ఆ పూట మామయ్యకు గడ్డ పెరుగు వేసింది.

ఆ తర్వాత అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. మా అత్తమ్మది ఏ పనైనా కొస దాకా పోయే స్వభావం. లేతది మంచిదని తెలిశాక చీలమండ ఎత్తు నుంచే కోయడం మొదలుపెట్టింది. పేడ నీళ్లయిపోయింది. సానుపుకు నీళ్లు కలపాల్సిన పని లేకపోయింది. దుబ్బులు కూడా నీరసించి పల్చబడ్డాయి. మాటిమాటికీ నెత్తి కొడుతుంటే అదెట్లా లేస్తుంది? డెయిరీ సాయిబు మడి చూసి, "అవ్వా, దాన్ని గూడ జర బతకనియ్యి," అన్నాడు. అప్పటి నుంచి ఆమె మడిలో నిలబడి తన నడుముతో కొలిచేది. నడుము తగిలితేనే కొడవలి. ఆమె పొట్టి మనిషి కనుక కొలత సరిగ్గా సరిపోయింది.

చలికాలంలో బర్రె ఎదకు వచ్చింది. శుక్రవారం ఫోన్‌లో ఆ కబురు చెబితే, మా ఆయన దుబాయిలో తన గదిలోవాళ్లందరికీ చాయ్ పోయించాడట. మరుసటి ఏడు ఈనింది. పెయ్యదుడ్డె. ఉద్యమం ఇంకా నడుస్తూనే ఉంది, మామయ్య గొంతు ఇంకా పోతూ వస్తూనే ఉంది. తెలంగాణ కంటే దుడ్డె ముందు వచ్చిందని ఊరంతా నవ్వుకున్నారు. వాడకట్టంతా జున్ను పంచాం, డెయిరీ సాయిబుకు గిన్నెడు ప్రత్యేకంగా పంపాం.

దుడ్డె కొన్నాళ్లకు తల్లి తొట్టిలో మూతి పెట్టి ఆకులు వాసన చూడటం మొదలుపెట్టింది. ఆ రోజు అత్తమ్మ బావి దగ్గరికి వెళ్లి, మోపు కాదు, ఒకే ఒక్క ఆకు తెచ్చింది. దుబ్బు నడిమధ్యలోంచి తీసిన లేత సుడి ఆకు. దుడ్డె ముందు కూర్చుని, సగం తుంచి తాను నమిలింది. మిగతా సగం చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే ఉంది. నేను గుంజ చాటున ఆగిపోయాను, ముందుకు పోలేదు.

"తిను బిడ్డా, ఏం గాదు," అంది చివరికి. "మీ అమ్మమ్మను లేత జొన్న తీస్కపోయింది. మీ అమ్మను నా బుగులు తీస్కపోతుండె."

దుడ్డె నాలుక చాపి ఆకు లాక్కుంది. దాంతోపాటు ఆమె వేలు కూడా నోట్లోకి పోయింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.